పెట్టెలో లేని ఇంజన్, చీలిన విండ్‌స్క్రీన్: ఒక 1/72 డకోటా కేస్ స్టడీ

ఈ పని అప్పగించినాయన రిటైర్డ్ ఇంజనీర్. ఎప్పుడో కొని అటకెక్కించిన 1/72 స్కేల్ డగ్లస్ సీ-47 డకోటా కిట్ ఒకటి తెచ్చిచ్చారు, అంటే అసలు రవాణా విమానానికి 72వ వంతు సైజులో, ముక్కలు అతికి కట్టుకునే ప్లాస్టిక్ నమూనా. ఆ కిట్ ఇప్పుడు తయారవడం లేదు. పెట్టె తెరిచి చూస్తే ఫ్యూజలాజ్ (విమానం మొండెం), రెక్కలు భద్రంగానే ఉన్నాయి. మిగతా సంగతి అంత బాగా లేదు. ఒక ఇంజన్ లేదు, ఒక చక్రం లేదు, కుడివైపు కిటికీల పారదర్శక పట్టీ లేదు. ఒక ప్రొపెల్లర్‌కి బ్లేడ్ విరిగింది. విండ్‌స్క్రీన్ నిలువునా చీలింది. డెకాల్ షీట్ (విమానం మీద అంటించే గుర్తులు, అంకెలు ఉన్న కాగితం) పసుపుపచ్చగా మారిపోయింది. పైగా ఆయనకు కావాల్సింది ఏదో ఒక డకోటా కాదు, తన దగ్గర ఫోటోలున్న ఒకానొక విమానం.

ఇలాంటప్పుడు ఎవరైనా ముందు అదే కిట్ ఇంకో పెట్టె దొరుకుతుందేమోనని వెతుకుతారు. వెతకాల్సిందే. పాత అచ్చులు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి చేతులు మారుతుంటాయి, అదే ప్లాస్టిక్ వేరే బొమ్మతో, వేరే పేరుతో మళ్లీ మార్కెట్‌లోకి వస్తుంది. ఏ పెట్టెలో ఉన్నది ఏ అచ్చో స్కేల్‌మేట్స్ సైట్‌లో కిట్ చరిత్ర చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కాబట్టి పెట్టె మీద పేరు పట్టుకుని వెతికేవాళ్ల కంటే అచ్చు పట్టుకుని వెతికేవాళ్లకు దొరికే అవకాశం ఎక్కువ. అయితే ఈ కేసులో ఆ దారి నేను త్వరగానే వదిలేశాను. ఈ కిట్‌లో ఇంజన్ అంటే ఒక గుండ్రటి బిళ్ల మీద సిలిండర్లు ఉబ్బెత్తుగా కనిపించేలా పోసిన ముక్క, అంతే. లోతు లేదు. ఉన్న ఒక్కటే నచ్చనప్పుడు దానికి జత వెతకడం దేనికి?

అందుకే జాబితాను తిరగరాశాను. కిట్ పార్ట్ నంబర్లు కొట్టేసి, ప్రతి వస్తువుకీ అసలు విమానంలో ఉండే పేరు, అసలు కొలత, దాన్ని 72తో భాగిస్తే వచ్చే మిల్లీమీటర్లు రాసుకున్నాను. ఈ కేసులో ఏ భాగం ఎక్కడ దొరికినా దొరికింది ఈ కాగితం వల్లే. "ఫలానా కిట్‌లో 23వ భాగం" అని అడిగితే ఆ కిట్ ఉన్నవాళ్లే పలుకుతారు. "1/72లో ట్విన్ వాస్ప్ ఇంజన్, వ్యాసం 17 మి.మీ. లోపు" అని అడిగితే ఆ ఇంజన్ ఉన్న ఏ విమానం కట్టేవాళ్లయినా పలుకుతారు.

ఇంజన్

సీ-47లో ఉన్నది ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830 ట్విన్ వాస్ప్. రెండు వరుసల్లో 14 సిలిండర్లు. వ్యాసం దాదాపు 1,220 మి.మీ., అంటే 1/72లో 16.9 మి.మీ. ఈ ఇంజన్ ఒక్క డకోటాకే పరిమితం కాదు. కాటలినా ఎగిరే పడవకి, బీ-24 లిబరేటర్ బాంబర్‌కి, సండర్‌లాండ్ మార్క్ 5కి, ఎఫ్4ఎఫ్-3, ఎఫ్4ఎఫ్-4 వైల్డ్‌క్యాట్ ఫైటర్లకి ఇదే కుటుంబం.

వెతికేవాళ్లు పొరపడేది ఇక్కడే. చూడ్డానికి అచ్చం వైల్డ్‌క్యాట్‌లాగే ఉండే ఎఫ్ఎమ్-2లో ఉన్నది ట్విన్ వాస్ప్ కాదు, ఒకే వరుసలో 9 సిలిండర్లున్న రైట్ ఆర్-1820 సైక్లోన్. డకోటాకి పెద్దన్నలాంటి డీసీ-3లోనూ ఇదే గొడవ. 1935 డిసెంబర్ 17న మొదట ఎగిరిన విమానానికి సైక్లోన్లే ఉన్నాయి. తర్వాత ఎయిర్‌లైన్ల అవసరాన్ని బట్టి కొన్నిటికి సైక్లోన్, కొన్నిటికి ట్విన్ వాస్ప్ వచ్చాయి. సోవియట్ లీ-2లో సైక్లోన్ నుంచే పుట్టిన ష్వెత్సోవ్ ఇంజన్ ఉంటుంది. సైక్లోన్ వ్యాసం 1,380 మి.మీ. దాకా ఉంటుంది, 1/72లో 19 మి.మీ. పైమాటే. కాబట్టి "డీసీ-3 ఇంజన్" అని రాసిన రెజిన్ (మోల్డ్‌లో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్) ప్యాకెట్ చూడగానే తీసేసుకోకూడదు, ముందు సిలిండర్లు లెక్కపెట్టాలి. మా ఫోటోలో కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే తొడుగు) లోపల రెండు వరుసలూ స్పష్టంగా తెలుస్తున్నాయి, అందుకని సందేహం లేకపోయింది.

ఇక ఎవరిని అడగాలి? నా అనుభవంలో ఇంజన్ అమ్మేవాళ్ల కంటే ఇంజన్ పక్కన పడేసినవాళ్లను పట్టుకోవడం తేలిక. లిబరేటర్ కట్టేవాళ్లలో కాస్త పట్టుదల ఉన్నవాళ్లు కిట్‌లో వచ్చిన ఇంజన్లు పక్కన పెట్టి, విడిగా రెజిన్ సెట్ కొని బిగిస్తారు. అప్పుడు నాలుగు ఇంజన్లు స్పేర్ డబ్బాలో చేరతాయి. వాటిని పారేయడానికి ఎవరికీ మనసు రాదు, అలాగని వాడనూ వాడరు. నాకు అలాంటి ఒకాయన దగ్గరే దొరికాయి. బదులుగా ఆయనకి కావాల్సిన యాంటెన్నా మాస్ట్‌లు నా డబ్బాలోంచి ఇచ్చాను. మా రంగంలో ఈ ఇచ్చిపుచ్చుకోవడాలకు డబ్బు కంటే చలామణీ ఎక్కువ. నాలుగింట్లో రెండు చాలు. రెండూ మార్చాను, ఎందుకంటే ఒకటి లోతుగా, ఇంకోటి బిళ్లలా ఉంటే ఎదురుగా నిలబడ్డ ఎవరికైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

"కౌలింగ్ లోపలే ఉంటుంది కదండీ, అంత అవసరమా?" అన్నారు ఓనర్ గారు. విమానం తోక నేలకి ఆనించి, ముక్కు పైకెత్తి నిలబడుతుంది. బల్ల మీద పెడితే చూపు ముందు పడేది ఆ రెండు గుండ్రటి నోళ్ల మీదే.

ఇంజన్ దొరికాక అసలు పని మొదలైంది. నిజం విమానంలో కౌలింగ్ అంటే పల్చటి అల్యూమినియం రేకు. కిట్‌లో అది మిల్లీమీటరు పైగా మందం ఉన్న ప్లాస్టిక్. బయటి కొలత సరిగ్గా ఉండాలంటే ఆ మందం లోపలికే పెరగాలి. వెర్నియర్ కాలిపర్స్ పెట్టి చూస్తే కౌలింగ్ లోపలి వ్యాసం 16.2, ఇంజన్ 16.9. సరైన కొలతలో ఉన్న ఇంజన్ పాత కిట్‌లో పట్టకపోవడం సర్వసాధారణం, దానికి ఇంజన్ చేసినవాళ్లను తిట్టి లాభం లేదు. గుండ్రటి బ్లేడుతో కౌలింగ్ లోపలి గోడను చుట్టూ సమానంగా గీకుతూ వచ్చాను. ఎంత గీకామో చూడాలంటే బయటి నుంచి చిన్న టార్చి వేయాలి. ప్లాస్టిక్ పల్చబడ్డ చోట వెలుగు ముందుగా, ఎక్కువగా కనిపిస్తుంది. ఆ వెలుగు చుట్టూ ఒకేలా వచ్చేదాకా గీకి ఆపేశాను. చుట్టూ 0.3 మి.మీ. తగ్గితే వ్యాసంలో 0.6 వస్తుంది. మిగిలిన కాస్తా సిలిండర్ల తలల మీద ఆకురాయితో తీశాను. అవి కౌలింగ్ పెదవి వెనక దాక్కుంటాయి కాబట్టి నష్టం లేదు. అదే పని ఇంజన్ మీద మొదలుపెట్టి 0.7 మొత్తం సిలిండర్లలోంచే తీస్తే ముందు నుంచి చూసినప్పుడు ఇంజన్ చిక్కిపోయినట్టుంటుంది.

షాఫ్ట్ కేంద్రం కుదరడానికి ఇత్తడి గొట్టాలు వాడాను. ఇంజన్ మధ్యలో 2 మి.మీ. గొట్టం, ప్రొపెల్లర్ వెనక దాంట్లో దూరే సన్నటి గొట్టం. ప్రొపెల్లర్ చివరిదాకా విడిగా ఉంటుంది, రంగులు వేయడం సుఖం.

ప్రొపెల్లర్ గురించి ఒక్క మాట. సీ-47కి, లిబరేటర్‌కి రెండింటికీ మూడు బ్లేడ్ల హామిల్టన్ స్టాండర్డ్ హైడ్రోమాటిక్ ప్రొపెల్లర్ ఉంది. ఇంజన్లిచ్చిన ఆయనే ఒక అదనపు ప్రొపెల్లర్ కూడా ఇచ్చారు. కానీ బ్లేడ్ ఆకారంలో రకాలున్నాయి, కొన్ని సన్నగా, కొన్ని తెడ్డులా వెడల్పుగా. ఫోటోతో పోలిస్తే వచ్చినది వెడల్పెక్కువ. దాన్ని వాడలేదు. విరిగిన బ్లేడ్ ముక్క పెట్టె అడుగున దొరికింది కాబట్టి 0.4 మి.మీ. డ్రిల్‌తో రెండు వైపులా రంధ్రం వేసి, తీగ ముక్క దూర్చి సూపర్ గ్లూతో అతికాను. అతుకు బ్లేడ్ మొదట్లో కాబట్టి తీగ పట్టేంత మందం ఉంది. చివర్లో విరిగి ఉంటే ఈ పద్ధతి నడవదు.

చక్రం

డకోటా మెయిన్ టైరు కొలత 17.00-16. బయటి వ్యాసం సుమారు 45 అంగుళాలు, వెడల్పు 17, రిమ్ 16. అంటే 1/72లో 15.9 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. వెడల్పు.

కాగితం మీద లెక్క వేసే అలవాటుంటే ఇక్కడో సరదా విషయం తేలుతుంది. 45ని 72తో భాగించినా, 30ని 48తో భాగించినా వచ్చేది 0.625 అంగుళమే. అంటే 1/48 స్కేల్‌లో 30 అంగుళాల టైరున్న ఫైటర్ చక్రం 1/72 డకోటా చక్రానికి వ్యాసంలో సరిగ్గా సరిపోతుంది. ఇలా వేరే స్కేల్ నుంచి భాగం తెచ్చుకోవచ్చని చాలామందికి తట్టదు. అయితే వ్యాసం ఒక్కటే చూసి సంబరపడకూడదు. ఫైటర్ టైర్లు సన్నం, 1/48లో 4.5 మి.మీ. దగ్గర ఆగిపోతాయి. మనకు 6 కావాలి. రెండు సగాల మధ్య 1.5 మి.మీ. ప్లాస్టిక్ షీట్ బిళ్ల పెట్టి అతికి, అంచు గుండ్రంగా సాండ్ చేస్తే వెడల్పు వచ్చేస్తుంది. తర్వాత హబ్ కూడా మార్చాలి, ఎందుకంటే ఫైటర్ రిమ్ వేరు. రెండు చక్రాలూ పోయి ఉంటే నేను ఈ దారే పట్టేవాణ్ని. రైల్వే మోడల్ వాళ్ల 1/76 లారీ చక్రాలు కూడా కొన్నిసార్లు అక్కరకొస్తాయి, తేడా 5 శాతమే. 1/87కి వెళ్తే మాత్రం 17 శాతం చిన్నవి, అక్కడ కళ్లు మోసపోవు.

ఇక్కడ ఒక చక్రం చేతిలో ఉంది. ఒకటి ఉన్నప్పుడు రెండోది వెతకడం కంటే పోసుకోవడమే మేలు, పైగా రెండూ కవలల్లా వస్తాయి. ఉన్న చక్రం అతుకులన్నీ ముందే పుట్టీతో సరిచేసి, రెండు ముక్కల సిలికోన్ మోల్డ్ తీశాను. ఇటుకల్లా అమర్చుకునే ప్లాస్టిక్ ఆట దిమ్మలతో మోల్డ్ పెట్టె కడితే ఎంత సైజు కావాలంటే అంత కుదురుతుంది. సిలికోన్‌ను ఒక మూల నుంచి సన్నటి ధారగా పోయాలి, బుడగలు ధారలోనే చిట్లిపోతాయి. ముందుగా చక్రం మీద బ్రష్‌తో పల్చగా పూస్తే హబ్ సందుల్లో గాలి ఇరుక్కోదు.

పాలియూరిథేన్ రెజిన్ గట్టిపడ్డాక కాస్త ముడుచుకుంటుంది. 15.9 మి.మీ.లో అర శాతం అంటే 0.08, కంటికి ఆనదు. అదే 400 మి.మీ. రెక్క పోస్తే ఆ అర శాతమే 2 మి.మీ., అప్పుడు టెన్షన్ పడాలి. రెజిన్ ముక్కను డిష్ వాష్ సబ్బుతో కడిగి గానీ రంగు వేయకూడదు. ప్లాస్టిక్ సిమెంట్ (కిట్ ప్లాస్టిక్‌ని కరిగించి అతికే జిగురు) దాన్ని పట్టదు, సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ గానీ కావాలి. రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకుని, సాండ్‌పేపర్ తడిపి రుద్దాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

సిలికోన్ లేనివాళ్లకి వేడినీళ్లలో మెత్తబడే పారదర్శక మోల్డ్ పుల్లలు ఉన్నాయి, ఒయుమారు పేరుతో దొరుకుతాయి. మెత్తబడ్డాక భాగం మీద నొక్కి, చల్లారాక అందులో ఎపాక్సీ పుట్టీ కుక్కితే ఒక వైపు ఆకారం వచ్చేస్తుంది. చక్రంలాంటి వాటికి రెండు సగాలు చేసి అతకాలి. చిన్నవాటికి చాలు.

"త్రీడీ ప్రింట్ చేయించొచ్చుగా?" అని ఓనర్ గారు అడిగారు. చేయించొచ్చు. రెజిన్ ప్రింటర్లు 0.05 మి.మీ. పొరల్లో పోస్తాయి, చక్రం అద్భుతంగా వస్తుంది. కాకపోతే ఎవరో 1/48 కోసం గీసిన ఫైల్‌ని 66.7 శాతానికి కుదిస్తే గోడల మందాలు కూడా కుదుస్తాయి. 0.5 మి.మీ. గోడ 0.33 అవుతుంది, ప్రింట్ అయినా సపోర్టులు తీసేటప్పుడు చిట్లుతుంది. ఫైల్ ఉండీ, పల్చటి గోడలు సరిచేయగలిగితే ప్రింటే మంచిది. నమూనా చేతిలో ఉండి ఒక్కటే కావాలంటే మోల్డ్ ముందు పూర్తవుతుంది.

కిటికీలు, విండ్‌స్క్రీన్

కిటికీల పట్టీ కోసం నేను ఎవర్నీ అడగలేదు. పారదర్శక భాగాలు ఎవరి స్పేర్ డబ్బాలోనూ గీతల్లేకుండా ఉండవు. పాత సీడీ పెట్టె మూత తీసుకున్నాను. దాని మందం 1.2 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది, అంతకంటే ముఖ్యంగా అది పాలీస్టైరీన్, అంటే కిట్ ప్లాస్టిక్ జాతే. ప్లాస్టిక్ సిమెంట్‌తోనే అతుక్కుపోతుంది.

ఆ ప్లాస్టిక్ పెళుసు. ఒకేసారి గీసి విరిస్తే పగులు ఎటు పోతుందో చెప్పలేం. స్టీలు స్కేలు పెట్టి తేలిగ్గా చాలాసార్లు గీసి, ముందు సన్నటి పట్టీ తీసి, తర్వాత దాన్ని ముక్కలు చేశాను. ప్రతి ముక్కనూ కిటికీ రంధ్రంలో బిగుతుగా కూర్చునేదాకా ఆకురాయితో సరిచేసి, బయటికి కాస్త పొడుచుకొచ్చేలా పెట్టి, లోపలి వైపు నుంచి ఒక్క చుక్క సిమెంట్ తాకించాను. చుక్క ఎక్కువైతే అంచు నుంచి మసక పాకుతుంది. బాగా ఆరాక ఫ్యూజలాజ్‌తో కలిపి 600 నంబర్ తడి సాండ్‌పేపర్‌తో రుద్దాను. ఈ దశలో కిటికీలన్నీ పాలరంగులోకి మారతాయి, చూసినవాళ్లకి గుండె గుభేల్మంటుంది. అక్కడి నుంచి 1000, 2000, 4000, 8000 వరకు ఎక్కుతూ పోయి, చివర్లో పాలిషింగ్ పేస్ట్ గుడ్డ మీద వేసి తిప్పితే మళ్లీ నీళ్లలా తేటపడతాయి. ఫ్యూజలాజ్‌కీ కిటికీకీ మధ్య మెట్టు ఉండదు. కిట్‌లో వచ్చే పట్టీతో ఇంత సాఫు రాదు, అందుకని ఎడమవైపు పట్టీ బాగానే ఉన్నా తీసేసి అక్కడా ఇదే చేశాను. దీనికి మూల్యం ఏమిటంటే కిటికీల చుట్టూ ఉన్న రివెట్ గీతలు కొంత అరిగిపోతాయి, మళ్లీ గీసుకోవాలి.

ఇంకా చిన్న కిటికీలైతే తెల్ల జిగురు పొరలా సాగదీసి వదిలేస్తే సరిపోతుంది. ఈ సైజులో అది మధ్యలో గుంట పడుతుంది.

విండ్‌స్క్రీన్‌కి వాక్యూమ్ ఫార్మింగ్ తప్పలేదు. పీఈటీజీ అనే పారదర్శక ప్లాస్టిక్ షీటును వేడి చేసి, అచ్చు మీద వేసి, వాక్యూమ్ క్లీనర్‌తో కింది నుంచి గాలి లాగడమే ఈ పద్ధతి. అచ్చు ఎక్కడిది? చీలిన విండ్‌స్క్రీనే. చీలికను సూపర్ గ్లూతో నింపి, లోపలంతా ఎపాక్సీ పుట్టీ కూరాను. పుట్టీ లేకపోతే వేడి షీటు తగలగానే ప్లాస్టిక్ కూడా మెత్తబడి కుంగుతుంది.

చాలామందికి కుదరనిది కొలత. పాత విండ్‌స్క్రీన్ మీదే షీటు లాగితే షీటు మందం బయటికి చేరుతుంది, కొత్తది రెండు వైపులా ఆ మేరకు పెద్దదవుతుంది. పోనీ అని లోపలి పుట్టీ ముద్దను విడిగా తీసి దాని మీద లాగితే, కిట్ గోడ 1.2, సాగిన షీటు 0.4 కాబట్టి ప్రతి వైపూ 0.8 మి.మీ. చిన్నదవుతుంది. ఈ రెండూ వద్దు. పాత దాన్నే, పుట్టీ ఉండగానే, బయటి వైపు చుట్టూ 0.4 మి.మీ. సాండ్ చేసి అచ్చుగా వాడాలి. నేను సాండ్ చేసే ముందు దాని మీద మార్కర్‌తో రంగు పూసి, అంచుల్లో వెర్నియర్‌తో చూసుకుంటూ రంగు సమానంగా పోయేలా రుద్దాను. ఫ్రేముల మూలలు గుండ్రంగా అరిగిపోకుండా చూసుకోవాలి, లేకపోతే డకోటా ముఖం మారిపోతుంది. లాగినవాటిలో అన్నిటికంటే తేటగా వచ్చింది ఉంచుకుని, అడుగు అంచు కాస్త పెద్దగానే కత్తిరించి, ఫ్యూజలాజ్ మీద పెట్టి చూస్తూ కొంచెం కొంచెం తగ్గించాను. పీఈటీజీకి ప్లాస్టిక్ సిమెంట్ పట్టదు. సూపర్ గ్లూ ఆవిరికి పారదర్శక భాగాలు తెల్లబారతాయి. కాబట్టి తెల్ల జిగురే గతి.

మిగతావి

డెకాల్ షీటును కిటికీ అద్దానికి లోపలి వైపు టేపుతో అంటించి ఎండ తగిలేలా వదిలేశాను. పసుపు చాలావరకు విరిగింది. పాత షీట్లు నీళ్లలో వేయగానే ముక్కలవుతాయి కాబట్టి ముందుగా పైన లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ పూశాను. తోక మీద తెల్ల అంకెలు మాత్రం ఫోటోతో కలవలేదు. మామూలు ఇంక్‌జెట్, లేజర్ ప్రింటర్లు తెలుపు ముద్రించలేవు, అందుకని అంకెల ఆకారంలో స్టెన్సిల్ కోయించి తెల్ల రంగు స్ప్రే చేశాను.

పిటాట్ గొట్టాలకి (విమానం వేగం కొలిచే గొట్టాలు) ఇంజెక్షన్ సూది, యాంటెన్నా తీగకి వేడి చేసి సాగదీసిన స్ప్రూ (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ పుల్ల). చెప్పడానికి ఇంకేం లేదు.

మోడల్ అప్పగించాక ఆ సిలికోన్ మోల్డ్ అడిగినవాళ్లున్నారు, చక్రాలు పోసి అమ్ముకుంటామని. ఇవ్వలేదు. తన కిట్‌లో పోయిన భాగాన్ని తన కోసం ఒకటి పోసుకోవడం వేరు, ఇంకొకరు చెక్కిన అచ్చు నుంచి సరుకు తీసి అమ్మడం వేరు. రెజిన్ భాగాలు చేసేవాళ్లు చాలాచోట్ల ఒకరిద్దరు మనుషులే, నకళ్లు మార్కెట్లో పడితే వాళ్లు ఆ భాగం చేయడమే మానేస్తారు. చక్రం నిజంగా పోయినవాళ్లెవరైనా ఉంటే మిగిలిన జత చక్రాన్ని పంపమనండి, దాని మోల్డ్ తీసి వాళ్లకొకటి పోసిస్తాను. మిగిలిన రెండు ట్విన్ వాస్ప్ ఇంజన్లు కూడా నా దగ్గరే ఉన్నాయి. కాటలినాకి కావాలనుకునేవాళ్లు ముందు కౌలింగ్ లోపలి వ్యాసం కొలిచి చెప్పాలి.